అట్ట మగ్గం మీద నల్ల ఉన్ని

మా కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో ఒకప్పుడు ప్రతి ఇంటి తలుపు వెనకా ప్లాస్టిక్ వైరు బుట్ట ఒకటి వేలాడేది. మధ్యాహ్నం గిన్నెలు బోర్లించాక అల్లినవే అన్నీ. ఆ చేతులకే ఈ మధ్య లావు ఊలు తగులుకుంది. పక్కింటి వదిన పార్శిల్ డబ్బా అట్ట కోసి, పై అంచున గాట్లు పెట్టి, ముందూ వెనకా నూలు దారం చుట్టింది. అది పడుగు. లావు సూదికి ఊలెక్కించి ఒక పోగు మీద నుంచి, ఒక పోగు కింద నుంచి అట్ట చుట్టూ తిప్పుతూ పోయింది. అది పేక. ప్రతి చుట్టునూ పాత దువ్వెనతో కిందికి దట్టించింది.

"పోగులు బేసి ఉండాలె. సరి ఉంటే రెండో చుట్టుకు నేత పడదు" అంది. నిజమే. సరి సంఖ్యయితే పేక మళ్లీ అవే పోగుల మీదుగా నడుస్తుంది. రెండు రోజులకు అట్ట లాగేస్తే కుట్టు లేని సంచి చేతికొచ్చింది.

ఓరుగల్లు, అంటే మా వరంగల్, నేత అనగానే మనం సన్నదనం గురించే గొప్పగా చెప్పుకుంటాం. కారణం లేకపోలేదు. 1851లో లండన్ మహా ప్రదర్శనకు వెళ్లిన వరంగల్ రగ్గులో చదరపు అడుగుకు సుమారు 12,000 ముడులున్నాయని బ్రిటిష్ రచయిత జార్జ్ బర్డ్‌వుడ్ 1880లో భారతీయ కళల మీద రాసిన పుస్తకంలో లెక్క చెప్పాడు. అంటే చదరపు అంగుళానికి సుమారు 83. పట్టును అంత నప్పేలా వాడిన రగ్గు మరొకటి లేదని కూడా మెచ్చుకున్నాడు. జైళ్లలో నేయించే తివాచీలు ఈ విద్యను పాడుచేస్తున్నాయని ఆయనే వాపోయాడు. తర్వాతి కాలంలో వరంగల్ సెంట్రల్ జైలు ఖైదీల తివాచీలకూ పేరొచ్చింది. ఆసుపత్రి కోసం 2021లో ఆ జైలును కూల్చేశారు. వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద డర్రీలు మాత్రం ఇంకా నడుస్తున్నాయి. 2018లో వాటికి భౌగోళిక గుర్తింపు దక్కింది.

నా మట్టుకు, వదిన సంచికి ఆ రగ్గులతో చుట్టరికం తక్కువ. దాని అసలు తోబుట్టువు గొంగడి.

గొంగడికి ముడులుండవు, పువ్వులుండవు. దక్కనీ గొర్రె నల్ల బొచ్చును కత్తిరించి, ఏకి, గొర్రెల కాపరులైన కురుమల ఆడవాళ్లు వడుకుతారు. పడుగుకు చింతగింజల గంజి పట్టించి, ఎండబెట్టి, గుంత మగ్గం మీద నేస్తారు. కొత్త గొంగడి నిలబెడితే నిలబడేంత బిరుసు. వాన పడితే కొప్పెర, రాత్రయితే పక్క, చలికి దుప్పటి. ప్రజాగాయకుడు గద్దర్ భుజాన చూసి పట్నం వాళ్లు కూడా దాన్ని గుర్తుపట్టారు. కురుమల్లో పెళ్లి కంకణం ఉన్నితో కట్టేవాళ్లు, పత్తితో కట్టేవాళ్లు అని శాఖలే ఉన్నాయి. ఉన్ని వాళ్లకు సరుకొక్కటే కాదు.

మాంసం గిరాకీ పెరిగాక ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెలు మందల్లోకి వచ్చాయి. 2017లో తెలంగాణ సర్కారు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచినప్పుడు కూడా చూపంతా మాంసం మీదే. గొంగడి కొనేవాళ్లు తగ్గేసరికి వడికే చేతులూ తగ్గాయి. మరోవైపు మనం దుకాణంలో ఊలు అని అడిగి తెచ్చుకునే ఉండల్లో చాలా వరకు అక్రిలిక్. గొర్రె వాసన కూడా సోకనిది.

వదినకు ఈసారి ఒక ఊరి నుంచి వడికిన నల్ల ఉన్ని తెచ్చిచ్చాను. చేతికి గుచ్చుకుంటోందని విసుక్కుంది కానీ, సంచి సాగకుండా నిలిచింది. లోపల నూలు బట్ట అస్తరు వేస్తే చాలు, కూరగాయలు మోస్తుంది. మీరూ ఇంట్లో అట్ట కోయబోతుంటే, రంగు ఉండలు కొనే ముందు దగ్గరి కురుమవాడలో ఒకసారి అడగండి. వడికే అవ్వ ఇంకా ఉంటే, ధర బేరమాడకండి.