కోడిపిల్ల: పెట్టయా, పుంజా?

గోరంట్ల ప్రాంతము వానకు మొగము వాచిన మెట్టసీమ. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడువరకు ఇది అనంతపురము జిల్లాలోనిది. వేరుసెనగ పైరు ఎండిన యేట పెరటికోడియే చేతిఖర్చులకు ఆధారమగు ఇండ్లు ఇట్టి సీమలో గలవు. అట్టి యింట గంపక్రింద పదిపిల్లలు లేచినప్పుడు, వానిలో పెట్టలెన్ని, పుంజులెన్ని అనునది వట్టి వినోదపు ప్రశ్న కాదు. పెట్ట గ్రుడ్లు పెట్టును, మరల పొదుగును. పుంజు సంతకో, జాతరకో, పండుగ విందుకో పోవును. రాబోవు ఏటి లెక్క ఆ పిల్లలపైననే యుండును.

ఈ ప్రశ్న మిక్కిలి పాతది. క్రీస్తుపూర్వము 4వ శతాబ్దిలో గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్, కోలగా మొనదేరిన గ్రుడ్డునుండి పెట్టయు, గుండ్రని గ్రుడ్డునుండి పుంజును పుట్టునని వ్రాసెను. క్రీస్తుశకము 1వ శతాబ్దిలో రోమను వ్యవసాయ గ్రంథకర్త కొలుమెల్లా సరిగా దీనికి తలక్రిందులుగా చెప్పెను. ఇరువురును పెద్దలే, ఇరువురును పొరబడిరి. గ్రుడ్డు ఆకారమునకును, లోపలి పిల్ల ఆడయో మగయో అగుటకును సంబంధము లేదు. పిల్లను కాళ్లుపట్టి తలక్రిందుగా వ్రేలాడదీసి చెప్పు జోస్యమును ఇట్టిదే. పిల్లలలో రమారమి సగము పుంజులు గనుక, ఏ పరీక్షయైనను సగముసార్లు నిజమైనట్లు తోచును. నమ్మకము నిలుచుటకు అంతమాత్రము చాలును.

శాస్త్రీయమైన దారి 20వ శతాబ్దిలో దొరకెను. మనుష్యులలో బిడ్డ ఆడయో మగయో తండ్రినిబట్టి తేలును, పక్షులలో తల్లినిబట్టి. పెట్ట తన జెడ్ క్రోమోజోమును మగపిల్లలకే యిచ్చును. చారల రంగు ఆ క్రోమోజోముమీదనే యున్నది. అందుచే చారల ప్లిమత్ రాక్ పెట్టను రోడ్ ఐలాండ్ రెడ్ పుంజుతో జతపరచినచో, పుంజుపిల్లల నెత్తిన తెల్లని మచ్చ యుండును; పెట్టపిల్లలకు ఉండదు. ఈ సూత్రముతోనే కేంబ్రిడ్జిలో పన్నెట్, పీజ్ అను శాస్త్రజ్ఞులు 1929లో, పుట్టిననాడే భేదము తెలియు ‘కాంబార్’ జాతిని రూపొందించిరి.

ఇంతకంటె వింతయైనది జపాను పద్ధతి. మసుయి, హషిమొటో మొదలగువారు ఒకనాటి పిల్ల మలద్వారపు అంచును మెల్లగా విప్పి, లోనున్న అతి సూక్ష్మమైన బొడిపెను చూచి పుంజును గుర్తించు విధము కనుగొనిరి. 1927లో కెనడాలోని ఒటావాలో జరిగిన ప్రపంచ కోళ్ల మహాసభలో ఇది లోకమునకు తెలిసెను. ఆరితేరినవారు గంటకు సుమారు 1,000 పిల్లలను వేరుచేయుదురు.

ఈ నేర్పు హేచరీలకు వరమైనది. గ్రుడ్లజాతి పుంజుపిల్లకు శాపమైనది. మేత దండుగయని దానిని పుట్టిననాడే చంపు ఆచారము దేశదేశముల వ్యాపించెను. జర్మనీ 2022 జనవరి 1 నుండి దీనిని నిషేధించినది. గ్రుడ్డులో నుండగనే భేదము తెలిసికొను యంత్రములు ఇట్టి అవసరమునుండి వచ్చినవే.

మన పెరటికి ఈ విద్యలలో ఏది పనికివచ్చును? నాటుకోళ్ల రంగులు కలగాపులగము గనుక మచ్చ పరీక్ష చెల్లదు. జపాను పద్ధతి అలవాటులేని చేతిలో పిల్ల ప్రాణమునకే ముప్పు. కనుక ఓపికయే మన సాధనము. ఆరు వారములు దాటుసరికి పుంజుపిల్ల జుట్టు పెద్దదై యెఱ్ఱబారును, కాళ్లు లావగును. పది పండ్రెండు వారములకు దాని తోకకు ముందు, నడుముమీద, మొనదేరిన సన్నని ఈకలు వ్రేలాడును. పెట్టకు అచ్చటి ఈకల కొనలు గుండ్రముగా నుండును. అసీలు కోళ్లకు జుట్టు చిన్నది గనుక ఈకలనే చూడవలెను.

ఈ ఆలస్యమువలన మనకు కలుగు నష్టము స్వల్పము. పెరటిపిల్ల పురుగును, రాలిన గింజను ఏరుకొని పెరుగును. పుంజైనను పెట్టయైనను ఇంటికి అక్కరకు వచ్చును. కావున మొదటి వారములో మనము వెచ్చించు శ్రద్ధ జోస్యములకుగాక, గ్రద్దనుండి పిల్లలను కాచుటకును, కొక్కెర తెగులు రాకుండ టీకా చుక్కలు వేయించుటకును వినియోగింతము. బ్రదికిన పిల్ల తాను పెట్టయో పుంజో మూడు మాసములలో తానే చెప్పును.