చెప్పే పాఠం, ఆడే ఆట: సాఫ్ట్‌బాల్ బ్యాటింగ్ కథ

సాఫ్ట్‌బాల్ ప్రాక్టీసు జరిగేటప్పుడు మా గ్రౌండ్‌లో మూడు మాటలు రోజూ వినిపిస్తాయి. "బంతి బ్యాట్‌కి తగిలేదాకా చూపు తిప్పకు." "బ్యాట్‌ని పైనుంచి కిందికి ఊపు." "వెనక కాలితో పురుగుని నలిపినట్టు పాదం తిప్పు." ఇవి ఆటతోపాటు అమెరికా నుంచి వచ్చిన మాటలు. మరి పేరున్న ఆటగాళ్లు నిజంగా ఇలాగే ఆడతారా?

ముందు ఆట పుట్టుక చూద్దాం. 1887 నవంబరులో, థ్యాంక్స్‌గివింగ్ పండుగ రోజున, షికాగోలోని ఫ్యారగట్ బోట్ క్లబ్‌లో కొందరు యువకులు ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ ఫలితం కోసం ఎదురుచూస్తున్నారు. ఒకతను పాత బాక్సింగ్ గ్లవ్ విసిరితే ఇంకొకతను కర్రతో కొట్టాడట. అది చూసి జార్జ్ హ్యాన్‌కాక్ ఆ గ్లవ్‌ని బంతిలా కట్టి, అందరిచేత నాలుగు గోడల మధ్యే బేస్‌బాల్ ఆడించాడు. అలా మొదలైన ఆట 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌దాకా వెళ్లింది. బేస్‌బాల్ నుంచి పుట్టింది కాబట్టి బ్యాటింగ్ పాఠాలు కూడా చాలావరకు అక్కడివే.

మొదటి సలహా చూపు గురించి. 1984లో టెర్రీ బాహిల్, టామ్ లారిట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని పరీక్షించారు. దారంతో లాగిన బంతిని బ్యాటర్ వైపు పంపి, కళ్లు ఎలా కదులుతున్నాయో కొలిచారు. బంతి సుమారు 5 అడుగుల దూరానికి వచ్చేసరికి ప్రొఫెషనల్ ఆటగాడి చూపు కూడా వెనకబడిపోయింది. మామూలు విద్యార్థుల చూపు అంతకంటే ముందే తప్పిపోయింది. అంటే చివరిదాకా చూడడం ఎవరివల్లా కాలేదు. గొప్పవాళ్లు బంతి చేతి నుంచి వదిలినప్పుడే చూసి, ఎక్కడికి వస్తుందో అంచనా కడతారు. 2004లో ఒక ప్రదర్శన మ్యాచ్‌లో సాఫ్ట్‌బాల్ పిచర్ జెన్నీ ఫించ్, పెద్ద బేస్‌బాల్ బ్యాటర్ ఆల్బర్ట్ పుహోల్స్‌ని స్ట్రయిక్ అవుట్ చేసింది. అతని కళ్లకి లోపమేం లేదు. 43 అడుగుల దూరం నుంచి, చెయ్యి కింద నుంచి వచ్చే బంతిని అంచనా వెయ్యడం అతనికి అలవాటు లేదు, అంతే.

రెండోది "కిందికి ఊపు". దీన్ని గట్టిగా కాదన్నవాడు టెడ్ విలియమ్స్. 1941లో అతని బ్యాటింగ్ సగటు .406. రిటైరయ్యాక రాసిన బ్యాటింగ్ పుస్తకంలో, బంతి కొంచెం కిందికి దిగుతూ వస్తుంది కాబట్టి బ్యాట్ కొంచెం పైకి లేస్తూ ఎదురెళ్లాలని వాదించాడు. అప్పుడు బంతి దారిలో బ్యాట్ ఎక్కువసేపు ఉంటుంది, తగిలే అవకాశం పెరుగుతుంది. స్లో మోషన్‌లో సాఫ్ట్‌బాల్ బ్యాటర్లని చూడండి. బ్యాట్ భుజం దగ్గర్నుంచి ముందు కిందికి దిగుతుంది, తర్వాత సమానమవుతుంది, చాలామందికి బంతి తగిలే వేళకి కొంచెం పైకి లేస్తూ ఉంటుంది. సలహాలో ఉన్నది మొదటి ముక్క మాత్రమే!

మూడోది పురుగు సంగతి. పాదం నేలకి ఆనించి తిప్పితే బరువు వెనక కాలిమీదే ఉండిపోతుంది. మంచి బ్యాటర్ల బరువు ముందు కాలికి వెళ్తుంది కాబట్టి చాలామందికి వెనక బూటు మొన మాత్రమే నేలని తాకుతుంది. కొందరికి అదీ గాల్లోనే ఉంటుంది.

అయితే మరి ఈ సలహాలు ఇన్నేళ్లు ఎలా బతికాయి? నాకు జవాబు మా టీమ్‌లోనే దొరికింది. నా స్నేహితురాలు వెనక భుజం బాగా దించేసి ప్రతి బంతినీ గాల్లోకి లేపేది. "కిందికి ఊపు" అని సార్ చెప్పాక ఆమె బ్యాట్ సరైన దారికొచ్చింది. నాకు ఆ అలవాటు లేదు. అదే మాట నేనూ పాటిస్తే బంతులన్నీ నేలమీదే దొర్లాయి. నాకు ఆట రాదేమోనని రెండు నెలలు బాధపడ్డాను. చివరికి సార్‌కే చెప్పాను. ఆయన ఫోన్‌లో నా ఆట వీడియో తీసి, నెమ్మదిగా నడిపి చూసి, "నీకు ఆ మాట అక్కర్లేదమ్మా" అన్నారు.

సలహా మందులాంటిది. జ్వరం ఉన్నవాళ్లకిచ్చిన మాత్ర అందరూ మింగితే ఎలా? చూపు విషయంలోనూ అంతే. చివరిదాకా చూడలేకపోయినా, ఆ ప్రయత్నంలో తల కదలకుండా ఉంటుంది. గురువు మాట వినాలి. అది మన ఆటలో ఏ తప్పుని సరిచెయ్యడానికి చెప్పారో మర్యాదగా అడిగి కూడా తెలుసుకోవాలి. నేను అడగడానికి రెండు నెలలు పట్టింది. మీరు అంత ఆలస్యం చెయ్యకండి.