తులసివనములో గంజాయి మొక్క

"తులసివనములో గంజాయి మొక్క" అను సామెత తెలుగు దేశమున విననివారుండరు. మంచి వంశమున పుట్టిన చెడ్డవానిని గూర్చి పెద్దలు ఈ మాట వాడుదురు. ఇందలి నీతిని అందరును గ్రహింతురు గాని, ఇందు దాగియున్న చరిత్రను తలపోయువారు తక్కువ. తులసి ఇంటి మొక్క. దాని సరసన గంజాయి మొలచుట జనులకు ఎరుకలేనిచో ఇట్టి సామెత వాడుకలో నిలువదు. ఒకప్పుడు పెరటిలో పెరిగిన ఆ మొక్క నేడు పెంచినవానిని చెరసాలకు పంపగల మొక్కయైనది. ఈ మార్పు ఎట్లు వచ్చినదో, అది మన జహీరాబాదు ప్రాంతపు రైతునకు ఏమి తెచ్చిపెట్టినదో ఈ ప్రసంగమున వివరింప దలచినాము.

ముందుగా పేర్లను గూర్చి ఒక మాట. ఆంగ్లేయులు నారనిచ్చు మొక్కలనేకములను ఒకే పేరున పిలుచుటచే గ్రంథములలో గందరగోళము ఏర్పడినది. మన జనుము వేరు, గోగు వేరు, గంజాయి వేరు. గోగు ఆకు చీలికలు గంజాయి ఆకును పోలియుండుటచేతనే వృక్షశాస్త్రజ్ఞులు గోగునకు హైబిస్కస్ కన్నాబినస్ అని పేరిడిరి. ఆకును చూచి భ్రమపడవచ్చును గాని, పువ్వును చూచిన సంశయము తీరును. గోగు బెండపూవు వంటి పెద్ద పూవు పూయును. గంజాయి పూవు పచ్చని కంకి.

గంజాయిలో ఆడ మొక్క, మగ మొక్క వేరువేరుగా నుండును. మత్తు ప్రధానముగా ఆడ మొక్క పూకంకులలోని జిగురునందుండును. మగ మొక్కలను ముందే పెరికివేసినచో ఆడ మొక్కలు గింజకట్టక జిగురు మెండుగా పట్టును. వంగదేశమున నౌగాఁవ్ సాగుదారులు ఈ పనికై ప్రత్యేకముగా నేర్పరులను పిలిపించుకొనెడివారు. పెరటిలో ఇంత శ్రద్ధ తీసికొనువారు లేరు. కావున పెరటి మొక్కలో గింజయు, ఆకును ఎక్కువ, మత్తు తక్కువ. ఆ ఆకును అజీర్ణమునకును, పశువుల రోగములకును వాడుట, బైరాగులకును ఫకీరులకును ఇచ్చుట దేశమున పలుచోట్ల నుండెను. ఆయుర్వేదమున దీనికి విజయ యని పేరు. 1839లో కలకత్తా వైద్య కళాశాలలో ఓషానెస్సీ అను వైద్యుడు దీని గుణములను పరీక్షించి ప్రకటించిన పిమ్మట పాశ్చాత్య వైద్యులును దీనిని వాడసాగిరి.

1893లో మద్యపాన వ్యతిరేకియైన కేన్ అను సభ్యుడు ఆంగ్ల పార్లమెంటులో గంజాయిని గూర్చి ప్రశ్న లేవనెత్తెను. ఫలితముగా మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షతన ఒక విచారణ సంఘము ఏర్పడెను. అందు ముగ్గురు భారతీయులు సభ్యులు. ఆ సంఘము 1193 మంది సాక్ష్యము తీసికొని, 1894లో 7 సంపుటముల నివేదికను సమర్పించెను. మితముగా వాడువానికి చెప్పుకోదగిన హాని లేదనియు, అతిగా వాడువానికి హాని కలదనియు, పూర్తి నిషేధము అవసరము కాదనియు వారు తేల్చిరి. నిషేధించినచో జనులు ఇంతకంటె చెడ్డ మత్తులకు దిగుదురేమోయని కూడ వారు శంకించిరి.

ఈ నివేదికను ఉదారమైనదని నేటికిని పలువురు మెచ్చుకొందురు. కాని పెరటి వైపు నుండి చూచినవారికి ఇందు మరియొక సంగతి కనబడును. మద్రాసు రాజధానిలో అనేక జిల్లాల పెరళ్లలో అక్కడక్కడ గంజాయి పెరుగుచున్నట్లు సంఘము గమనించెను. అట్టి మొక్కకు పన్ను లేదు, లెక్క లేదు. లైసెన్సు లేని సాగును నిలిపివేయవలెననియు, అనుమతించిన సాగును కొలది చోట్లకే పరిమితము చేసి, సరకును గిడ్డంగులలో నుంచి సుంకము విధింపవలెననియు సంఘము సలహా యిచ్చెను. తెలుగునాట ఆ సాగు బాపట్ల ప్రాంతమున దగ్గుబాడు, సంతరావూరు పరిసరములకు పరిమితమయ్యెను. అంగడిలో సుంకము చెల్లించి కొన్న గంజాయి సక్రమము. ఇంట మొలచిన మొక్క అక్రమము. వాడకము తప్పని ఎవరును తీర్పు చెప్పకమునుపే పెరటి మొక్క నేరమైనది. దానికి కారణము నీతి కాదు, ఖజానా. సాక్ష్యమిచ్చినవారిలో అధికారులు, వైద్యులు, భూస్వాములు ఎందరో కలరు. పెరటిలో రెండు మొక్కలు పెంచుకొను సామాన్యుని అభిప్రాయము మాత్రము చాలవరకు ఇతరుల నోటనే వినబడినది.

నాడు జహీరాబాదు నిజాము రాజ్యమున బీదరు జిల్లాలోనిది. అచట మద్రాసు చట్టములు చెల్లవు. నిజాము ప్రభుత్వమునకు తనదైన ఆబ్కారీ శాఖయు, 1316 ఫసలీ, అనగా 1906-07 నాటి ఆబ్కారీ చట్టమును ఉండెను. కల్లు, సారా, మత్తుపదార్థముల రాబడి ఖజానాకు ముఖ్యమైనది. 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజనలో జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలు మెదకు జిల్లాలో చేరెను. బీదరు మైసూరునకు పోయెను. 2016 నుండి ఈ ప్రాంతము సంగారెడ్డి జిల్లాలోనిది. రాజ్యములు మారినను పన్ను కట్టని మొక్కపై సర్కారు చూపు మారలేదు.

తరువాతి మార్పులు దూరదేశముల నుండి వచ్చినవి. 1925లో జెనీవాలో కుదిరిన ఒడంబడికలో ఈజిప్టు ప్రతినిధి పట్టుదలచే గంజాయియు చేరెను. 1930లో మన దేశమున ప్రమాదకర ఔషధముల చట్టము వచ్చెను. 1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక వైద్య, శాస్త్ర ప్రయోజనములకు తప్ప గంజాయి వాడుక ఉండరాదని శాసించుచు, పూర్వాచారము గల దేశములకు 25 సంవత్సరముల గడువిచ్చెను. ఆ గడువు తీరకమునుపే పార్లమెంటు మాదకద్రవ్యముల చట్టమును చేసెను. అది 1985 నవంబరు 14న అమలులోనికి వచ్చెను.

ఈ చట్టమున ఒక విచిత్రము కలదు. గంజాయి యనగా పూకంకులనియే నిర్వచనము. కంకి లేని ఒట్టి ఆకు ఆ మాట క్రిందికి రాదు. అందుచేతనే ఉత్తర భారతమున కొన్నిచోట్ల భంగు దుకాణములు ప్రభుత్వ లైసెన్సుతో నడుచుచున్నవి. కాని అనుమతి లేక మొక్కను పెంచుట మాత్రము ఎట్టిదైనను నేరమే. ఒక మొక్కయైన మన్నింతుమన్న మాట చట్టములో లేదు. శిక్ష 10 సంవత్సరముల వరకు కఠిన కారాగారము, లక్ష రూపాయల వరకు జుల్మానా. తన భూమిలో ఇట్టి అక్రమ సాగు జరుగుచున్నట్లు తెలిసియు అధికారులకు తెలుపని భూస్వామియు శిక్షార్హుడు. పొలమును కౌలుకిచ్చి పట్టణమున కాపురముండు పట్టాదారులు ఈ సంగతి తప్పక ఎరుగవలెను.

జహీరాబాదు నేల మిశ్రమ పంటలకు పేరు గన్నది. జొన్న, కంది, అనుములు, చిరుధాన్యములు ఒకే చేనిలో కలిపి వేయుట ఇచటి సన్నకారు రైతుల పూర్వాచారము. పస్తాపూరులోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు పాత విత్తనములను కాపాడుచుండుటయు, 2008లో మాచనూరున సంఘం రేడియోను స్థాపించుటయు శ్రోతలలో పెక్కురు వినియుందురు. ఇట్టి జిల్లాలోనే పడమటి మండలములలో కంది, పత్తి, చెరకుల నడుమ దాచి పెంచిన గంజాయిని అధికారులు పలుమార్లు పెరికివేసిరి. 2021లో తెలంగాణ ప్రభుత్వము గంజాయి పెంచు రైతునకు రైతుబంధు సాయము నిలిపివేయుదుమని ప్రకటించెను. ఆంధ్రప్రదేశమున విశాఖ మన్యమునందు వేలకొలది ఎకరముల తోటలను నరికివేసి, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి చెంత సుమారు 2 లక్షల కిలోల సరకును దహనము చేసిరి. పెరటిలో ఆకు మందుగా నిలిచిన మొక్క చాటుమాటు వర్తకపు పంటగా మారినది. లాభము బేరగానిది, పట్టుబడినప్పుడు పాస్‌బుక్కు మాత్రము రైతుది.

ఇతర దేశములు వేరొక త్రోవ త్రొక్కుచున్నవి. ఉరుగ్వే 2013లో ఇంటికి 6 మొక్కలను, కెనడా 2018లో 4 మొక్కలను, జర్మనీ 2024లో వయోజనునకు 3 మొక్కలను అనుమతించెను. దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానము 2018లో పెద్దలు తమ వాడుకకై ఏకాంతమున పెంచుకొనుట నేరము కాదనెను. తెలుగువారు మెండుగా నివసించు న్యూజెర్సీలో మాత్రము దుకాణమున కొనవచ్చునుగాని ఇంట పెంచరాదు. మద్రాసునందలి పాత న్యాయమే ఇది! అమెరికాలో రాష్ట్రము అనుమతించినను ఫెడరల్ చట్టము ఒప్పదు. పౌరసత్వము కోరువారికి దానివలన చిక్కులు రాగలవని మన పిల్లలు గుర్తెరుగవలెను. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సంఘము గంజాయిని అతి కఠినమైన పట్టిక నుండి 27-25 ఓట్లతో తొలగించినప్పుడు భారతదేశము తొలగింపునకే ఓటు వేసెను. మత్తు అంశము 0.3 శాతమునకు మించని నార రకముల సాగునకు ఉత్తరాఖండము లైసెన్సు లిచ్చినది. మన తెలుగు రాష్ట్రములలో గృహస్థునకు అట్టి వెసులుబాటు లేదు.

పెరటి మొక్కను విడిచిపెట్టవలెనని వాదించువారు పూర్వాచారమును, మొక్కకు వర్తకమునకు గల భేదమును చూపుదురు. విడువరాదని వాదించువారు నేటి రకముల మత్తు అధికమనియు, చదువుకొను బిడ్డల మనస్సునకు చేటనియు, పెరడు వర్తకునకు ముసుగగుననియు అందురు. ఉభయుల మాటలోను సత్యము కలదు. చట్టమున్నంతకాలము దానిని పాటింపక తప్పదు. కాని పెరటి మొక్కను మొదట నేరముగా చేసినది దాని విషము కాదనియు, అది చెల్లింపని సుంకమనియు చరిత్ర తెలుపుచున్నది. మరల ఎన్నడైన ఈ చట్టమును మార్చదలచినచో, అధికారులను, వైద్యులను విచారించినట్లే చేనుగల రైతును, పెరడుగల ఇల్లాలిని కూడ పిలిచి అడుగుట న్యాయము. 1893లో ఆ పని సరిగా జరుగలేదు.