సెకండ్ హ్యాండ్ పెర్ఫార్మెన్స్ బ్రేకులు కొంటున్నారా? ఒట్లు కాదు.. కొలతలు అడగండి!

చిత్తూరు జిల్లాలో ఎవరి మాటైనా నమ్మబుద్ధి కాకపోతే "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అని అడగడం మామూలే. వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధం చెప్పడానికి జంకుతారని జనం నమ్మకం. కానీ పాత బ్రేకుల బేరంలో అమ్మేవాళ్లు నిజమే చెప్పినా సరిపోదు. ఆ డిస్క్ ఎంత వేడి తిన్నదో వాళ్లకే తెలియకపోవచ్చు.

ట్రాక్ డే అంటే?
ఫీజు కట్టి సొంత కారును రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజు. కాణిపాకం వైపు వాళ్లకు దగ్గర్లో ఉన్నది చెన్నై శివార్లలోని ఇరుంగట్టుకోట్టై ట్రాక్. చిత్తూరు, రాణిపేట మీదుగా వెళ్లొచ్చు. ఒక ల్యాప్ సుమారు 3.7 కిలోమీటర్లు. వేగం రెట్టింపైతే బ్రేకులు ఆపాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది. తిరుమల ఘాట్ దిగేటప్పుడు ఒక్కోసారి మాడు వాసన వస్తుంది కదా! ట్రాక్ మీద అంతకు మించిన వేడి ప్రతి ల్యాప్‌లోనూ పుడుతుంది.

కొనేవాళ్లు ఏం చూడాలి?
• డిస్క్ మందం: కనీస మందం ఎంతో సాధారణంగా డిస్క్ మీదే ఉంటుంది. మైక్రోమీటర్‌తో కొలవాలి. అంచున అరగని గట్టు మీద కొలిస్తే లెక్క తప్పుతుంది.
• పగుళ్లు: అంచు దాకా పాకినా, ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రానికి కలిసినా వద్దు. నీలం రంగు తిరిగితే బాగా కాలినట్టే.
• కాలిపర్: ఎర్ర పెయింట్ గోధుమ రంగులోకి మారినా, పిస్టన్ రబ్బర్లు మాడినా లోపలి సీళ్లు గట్టిపడి ఉండొచ్చు. కొత్త సీల్ కిట్ దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి.
• కార్బన్ సిరామిక్ డిస్క్: మందం ఒక్కటే చూస్తే చాలదు, తూకం వేయాలి. కనీస బరువు డిస్క్ మీద గ్రాముల్లో ఉంటుంది.
• ఫిట్టింగ్: పెద్ద కాలిపర్ చక్రం లోపల పట్టాలి. పిస్టన్ సైజు మాస్టర్ సిలిండర్‌కు సరిపోకపోతే పెడల్ లోతుగా దిగుతుంది.

ప్యాడ్లు, హోస్‌లు, ఫ్లూయిడ్ మాత్రం కొత్తవే వేయాలి. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చుకున్నాక ఆ పరిమితి 155కు పడిపోతుంది. ఫ్లూయిడ్ మరిగితే పెడల్ మెత్తబడి, బండి ఆగదు.

అమ్మేవాళ్లు ఏం చెప్పాలి?
ట్రాక్ మీద వాడారా, సీళ్లు ఎప్పుడు మార్చారు, ఏ కారు నుంచి విప్పారు.. ఈ మూడూ చెప్పాలి. కొలిచేటప్పుడు తీసిన ఫొటోలు, కొన్న బిల్లు పెడితే ధర కూడా నిలబడుతుంది. బిల్లు లేని బ్రాండెడ్ కాలిపర్ నకిలీ కావచ్చు, దొంగ సరుకూ కావచ్చు.

చట్టం ఏమంటోంది?
కంపెనీ స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే కారును రోడ్డు మీదా నడిపేట్టయితే ముందే ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోవాలి. మామూలు కారు ఇన్సూరెన్స్ రేసింగ్, స్పీడ్ టెస్టింగ్‌లకు వర్తించదు.

కొలవనివ్వని సరుకు సగం ధరకు వచ్చినా వదిలేయడమే మంచిది.