ఇద్దరు హమ్‌నామ్‌లు: రెండు హైదరాబాద్‌ల దాస్తాన్



నాంపల్లి స్టేషన్‌లో రైలు దిగినప్పుడు పేరు పూర్తిగా చదివారా? అది ఒట్టి ‘హైదరాబాద్’ కాదు, ‘హైదరాబాద్ దక్కన్’. మా దాదా కూడా ఖత్ మీద అలాగే రాసేవారు. చిన్నప్పుడు అదేదో షాన్ కోసం అనుకున్నాను. అసలు సంగతి వేరే. 1947కు ముందు ఈ ముల్క్‌లోనే సింధ్‌లో మరో హైదరాబాద్ ఉండేది. ఖత్ దారి తప్పకుండా ఉండాలంటే ‘దక్కన్’ అనో ‘సింధ్’ అనో రాయాల్సిందే.

ఇద్దరిలో మన షహర్ పెద్దది. 1591లో గోల్కొండ సుల్తాన్ ముహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీ ఒడ్డున దీనికి పునాది వేశాడు. చార్మినార్ కూడా అప్పటిదే. సింధ్ హైదరాబాద్ 177 ఏళ్లు చిన్నది. సింధు నది దారి మార్చుకుంటూ పాత రాజధాని ఖుదాబాద్‌ను ముంచెత్తడంతో, అక్కడి పాలకుడు మియా గులాం షా కల్హోడో 1768లో గంజో టక్కర్ అనే గుట్ట మీద ఇటుకలతో ఖిలా కట్టించాడు. దాన్ని నేటికీ ‘పక్కా ఖిలా’ అంటారు. అంతకు ముందు ఆ చోటు పేరు నీరూన్ కోట్. ముహమ్మద్ బిన్ ఖాసిం సింధ్‌కు వచ్చిన కాలంలోనే ఆ ఊరు ఉంది.

హైదర్ అంటే సింహం. అది హజ్రత్ అలీ (రజి) లఖబ్. సింధ్ షహర్‌కు ఆ పేరు వారి మీద అఖీదత్‌తోనే పెట్టారు. మన షహర్ పేరుకూ అదే మూలమని చాలామంది తారీఖ్‌దాన్‌లు అంటారు. భాగమతి కిస్సా చెప్పేవారూ ఉన్నారు, ఆ బహస్ ఇంకా తెగలేదు.

పేరే కాదు, నసీబ్ కూడా కలిసింది. సింధ్ హైదరాబాద్‌ను ఏలిన తాల్పూర్ మీర్‌లు 1843 ఫిబ్రవరి 17న మియానీ జంగ్‌లో చార్లెస్ నేపియర్ చేతిలో ఓడిపోయారు. రాజధాని కరాచీకి వెళ్లిపోయింది. మన నిజాం లొంగిపోయింది 1948 సెప్టెంబర్ 17న. రెండు సల్తనత్‌లూ 17వ తారీఖునే పడిపోయాయి.

గాజుల సంగతి మా అమ్మీకి చెబితే నమ్మలేదు. మనకు లాడ్ బజార్ లక్క గాజులు ఎలాగో, సింధ్ హైదరాబాద్‌కు కాంచ్ కీ చూడియా అలాగ. పెళ్లికూతురి చేతులకు రంగు వేసే పని రెండు ఊళ్లదీ.

ఇక దిల్‌కు తగిలే సంగతి. తఖ్సీమ్ అయ్యాక సింధీ హిందువులు ఘర్‌బార్ వదిలి ఇటు వచ్చారు. అలా వచ్చిన ఖాన్‌చంద్ రామ్‌నానీ 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ పెట్టారు. ఈద్‌కు చుట్టాలింటికి మనం పట్టుకెళ్లే ఫ్రూట్ బిస్కెట్లు అక్కడివే. ఇక్కడి నుంచి కరాచీ వెళ్లినవాళ్లు ‘హైదరాబాద్ కాలనీ’ కట్టుకున్నారు. ఆ మొహల్లా అచార్‌కు మష్‌హూర్. బహాదుర్ యార్ జంగ్ పేరు మీద వెలసిన బహాదురాబాద్‌లో, నాలుగు రోడ్ల కూడలిలో ఓ చిన్న చార్మినార్ కూడా నిలబెట్టారు. అటు సింధ్ హైదరాబాద్‌లో ఏముందో తెలుసా? బాంబే బేకరీ! 1911లో ఓ సింధీ హిందూ ఖాందాన్ పెట్టింది. తఖ్సీమ్ తరువాత కూడా వాళ్లు ఊరు వదలలేదు. వాళ్ల కేకు కోసం జనం ఇప్పటికీ లైన్‌లో నిలబడతారు.

ఇక్కడి హైదరాబాద్‌లో కరాచీ, అక్కడి హైదరాబాద్‌లో బాంబే. 2019లో బెంగళూరులో కొందరు వచ్చి గొడవ చేస్తే, ఆ బేకరీ వాళ్లు బోర్డు మీద ‘కరాచీ’ అన్న లఫ్జ్‌ను గుడ్డతో కప్పాల్సి వచ్చింది. వతన్ పోగొట్టుకుని ఈ ముల్క్‌నే పనాహ్‌గా ఎంచుకున్న మనిషి, వదిలొచ్చిన ఊరి యాద్‌గా పెట్టుకున్న పేరది. ఆ కిస్సా ఒక్కసారి విని ఉంటే, ఆ గుడ్డ కప్పమనడానికి వాళ్లకు నోరు వచ్చేదా?

మన ఇళ్లలోనూ ఇలాంటి యాదులు ఉంటాయి. అటు వెళ్లిపోయిన ఓ ఫూఫీ, ఏళ్ల తరబడి రాని జవాబు, సందూక్ అడుగున పసుపెక్కిన ఓ లిఫాఫా. మా దాదా పోయాక ఆయన సందూక్‌లో అలాంటివి మూడు దొరికాయి. రాసిందెవరో చెప్పగలిగేవారు అప్పటికి ఇంట్లో ఎవరూ మిగల్లేదు. మీ ఇంట్లో బుజుర్గులు ఉంటే ఈ జుమా రోజు వాళ్ల పక్కన కూర్చుని అడగండి. చెప్పింది రాసి పెట్టండి. పిల్లలకు వినిపించండి.

ఖుదా హాఫిజ్.