మార్కులు బాగున్నా పట్టించుకోవాల్సినవి - బడిపిల్లల మానసిక సమస్యలు

చికాగోకి పడమరన ఉన్న అరోరాలో ఇల్లు కొనే మన తెలుగువారు మొదట అడిగేది "ఏ స్కూల్ డిస్ట్రిక్ట్?" అని. ఇండియన్ ప్రెయిరీ 204, వెస్ట్ అరోరా 129, ఈస్ట్ అరోరా 131ల రేటింగులు చాలామందికి కంఠతా వచ్చు. కానీ బడిలో పిల్లల మనసు బాగోలేకపోతే ఎవరిని అడగాలో తెలిసినవారు తక్కువ.

మానసిక రుగ్మతల్లో సగం 14 ఏళ్ళలోపే మొదలవుతాయని 2005లో వెలువడిన అమెరికా జాతీయ సర్వే తేల్చింది. అంటే మిడిల్ స్కూల్ పూర్తయ్యే లోపే! పెద్దల్లో డిప్రెషన్ అంటే దిగులు. పిల్లల్లో అది చిరాకుగా, కోపంగా కూడా బయటపడుతుంది. రెండు వారాలు దాటినా అలాగే ఉండి, ఇష్టమైన ఆటలూ స్నేహితులూ వద్దనిపిస్తుంటే "ఈ వయసు అంతే" అని వదిలేయకండి. ఆందోళన చాలాసార్లు కడుపునొప్పి రూపంలో, అదీ బడి ఉన్న రోజుల్లోనే వస్తుంది. ఏడీహెచ్‌డీ లక్షణాలు 12 ఏళ్ళకి ముందే, ఇంట్లోనూ బడిలోనూ కనిపించాలి. అల్లరి చేయకుండా పరధ్యానంగా కూర్చునే పిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, దాన్ని ఆలస్యంగా గుర్తిస్తారు.

మన ఇళ్ళలో అసలు చిక్కు మార్కులతోనే. "అన్నీ ఏ గ్రేడ్లే, ఇంకేం సమస్య?" అంటాం. రాత్రి రెండింటిదాకా మేలుకుని, ఏడ్చి తెచ్చుకున్న ఏ కూడా రిపోర్టు కార్డులో ఏ గానే కనిపిస్తుంది మరి! పై తరగతికి వెళ్తున్నంత మాత్రాన ప్రత్యేక విద్యకి అర్హత పోదని ఫెడరల్ నిబంధనలే చెబుతున్నాయి.

కాబట్టి, అనుమానం ఉంటే బడికి రాతపూర్వకంగా అడగండి.  ఉత్తరం అందాక పరీక్షలు చేయాలా వద్దా అన్నది ఇల్లినాయ్‌లో 14 బడిరోజుల్లోగా నిర్ణయించాలి. మీరు సమ్మతి సంతకం పెట్టాక 60 బడిరోజుల్లోగా అంతా ముగించాలి. ప్రత్యేక విద్య అవసరం లేకపోతే, పరీక్షకి అదనపు సమయం వంటి వెసులుబాట్లకి 504 ప్లాన్ అడగవచ్చు. "కాలేజీవాళ్ళకి తెలిసిపోతుందేమో" అన్న భయం అక్కర్లేదు, వాళ్ళకి వెళ్ళే ట్రాన్‌స్క్రిప్టులో వైకల్యం వివరాలు రాయకూడదు.

మరికొన్ని ఇల్లినాయ్ సంగతులు. 2022 జనవరి నుంచి పిల్లలు మనసు బాగోలేదని ఏడాదికి 5 రోజుల వరకు డాక్టరు చీటీ లేకుండా సెలవు తీసుకోవచ్చు. 2025లో సంతకమైన చట్టం ప్రకారం 2027-28 విద్యా సంవత్సరం నుంచి 3 నుంచి 12 తరగతుల వారికి ఏటా మానసిక ఆరోగ్య ప్రశ్నావళి ఇస్తారు. వద్దనే హక్కు తల్లిదండ్రులకి ఉంది. వద్దనకపోవడమే మంచిదని నా అభిప్రాయం. 12 ఏళ్ళు దాటిన పిల్లలు తల్లిదండ్రుల అనుమతి లేకుండానే 8 సార్ల వరకు కౌన్సెలింగుకి వెళ్ళవచ్చు. ఇది మనలో కొందరికి మింగుడుపడదు. కానీ ఇంట్లో చెప్పలేనిది ఎక్కడో ఒకచోట చెప్పుకోనివ్వాలి కదా!

పిల్లలు చావు మాట ఎత్తితే, సూటిగా అడగండి. అడిగితే కొత్తగా ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఒంటరిగా వదలకండి. 988కి ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, టెక్స్ట్ కూడా చేయవచ్చు. ప్రాణాపాయం ఉంటే 911. ఇంట్లోని టైలినాల్, అమ్మమ్మగారి నిద్రమాత్రలతో సహా అన్ని మందులూ ఆరోజే తాళం వేసి దాచండి.