దగ్గితే మూత్రం పడటం: కెగెల్ మీటరు నుంచి మెష్ గొడవ దాకా

టాపిక్ చూసి కొంతమంది స్క్రోల్ చేసేస్తారని తెలుసు. కానీ మన ఇళ్లలోనే అమ్మో, అత్తో, పెద్దమ్మో దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా మూత్రం చుక్కలు పడితే ఎవరికీ చెప్పకుండా చీర మార్చుకుని వచ్చేస్తుంటారు. అడిగితే "కాన్పులయ్యాక మామూలేలే" అంటారు. దీనికి వైద్యంలో పేరు స్ట్రెస్ ఇన్‌కాంటినెన్స్. ఇక్కడ స్ట్రెస్ అంటే టెన్షన్ కాదు, మూత్రాశయం మీద పడే ఒత్తిడి.

1948లో లాస్ ఏంజెలెస్ గైనకాలజిస్టు ఆర్నాల్డ్ కెగెల్ ఒక పేపర్ వేశాడు. కాన్పులో సాగిపోయినవి కూడా కండరాలే కదా, వ్యాయామం చేస్తే బలం రాదా అన్నది ఆయన పాయింటు. ఇప్పుడు కెగెల్ అని కొడితే "బిగించండి, వదలండి" అని అరనిమిషం వీడియోలు వస్తాయి. అసలు పద్ధతి అది కాదండీ. ఆయన పెరినియోమీటర్ అని ఒక పరికరం తయారు చేశాడు. యోనిలో పెట్టుకునే గాలి గొట్టం, దానికి బీపీ మీటరు లాంటి డయల్. సరైన కండరం బిగిస్తే ముల్లు కదులుతుంది. ఎందుకంత హంగామా అంటే, చాలామంది ఆ కండరం బదులు పొట్టో తొడలో బిగిస్తారు. కొందరైతే కిందికి ముక్కుతారు, దాంతో సమస్య ఇంకా పెరుగుతుంది. ముల్లు చూస్తే ఏం చేస్తున్నామో అక్కడికక్కడే తెలిసేది. వ్యాయామానికి ఆయన పేరు మిగిలింది, మీటరు మాత్రం జనం మర్చిపోయారు. నాకైతే ఇది అన్యాయంగానే అనిపిస్తుంది.

మరోవైపు సర్జన్లు వేరే దారి పట్టారు. 1949లో మార్షల్, మార్చెట్టి, క్రాంజ్, 1961లో బర్చ్. పొట్ట కోసి, మూత్రాశయం మెడ దగ్గరి భాగాన్ని పైకి లాగి కుట్టేవారు. పని చేసేవి కానీ పెద్ద ఆపరేషన్లు. 1996లో స్వీడన్‌కి చెందిన ఉల్ఫ్ ఉల్మ్‌స్టెన్ బృందం మూత్రనాళం కింద ప్లాస్టిక్ టేపు ఊయలలా వేసే పద్ధతి ప్రచురించింది. దాని పేరు టీవీటీ. లోకల్ అనస్థీషియా చాలు, టేబుల్ మీదే పేషెంటుని దగ్గమని చెప్పి బిగువు సరిచేసేవారు. చాలామందికి నిజంగా మేలు జరిగింది.

కథ మలుపు తిరిగింది ఇక్కడే. 1998లో అమెరికాలో టీవీటీకి "ముందే మార్కెట్‌లో ఉన్నదాని లాంటిదే" అనే దారిలో అనుమతి వచ్చింది. పోలికగా చూపించింది ప్రోటెజెన్ అనే పట్టీని. ఆ ప్రోటెజెన్‌నేమో సమస్యలొచ్చి 1999లో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు! మా సాఫ్ట్‌వేర్‌లో అయితే డిపెండెన్సీ తీసేస్తే బిల్డ్ ఆగిపోతుంది. ఇక్కడ ఏదీ ఆగలేదు.

తర్వాత కొంతమంది ఆడవాళ్లకి ప్లాస్టిక్ యోని గోడని ఒరుసుకుని బయటికొచ్చింది, నొప్పులు పట్టుకున్నాయి. తీయిద్దామంటే చుట్టూ కండ పెరిగిపోయి ఉంటుంది. 2018 జూలైలో ఇంగ్లండ్ ఈ ఆపరేషన్లకి బ్రేక్ వేసింది. 2020లో వచ్చిన కంబర్లెజ్ రిపోర్టులో, ఈ ఆడవాళ్లు ఏళ్ల తరబడి చెప్పినా ఎవరూ వినలేదని స్పష్టంగా రాశారు.

ఇప్పుడు బ్రిటన్ మార్గదర్శకాల్లో మొదటి మెట్టు మళ్లీ వ్యాయామమే, కనీసం 3 నెలలు, నేర్పేవాళ్ల పర్యవేక్షణలో. అన్నట్టు, ఇదంతా దగ్గితే పడే రకం గురించి. ఉన్నట్టుండి అర్జెంటుగా వచ్చి, బాత్రూమ్‌కి చేరేలోపే పడిపోతే అది వేరే రకం, దాని మందులు వేరు. డాక్టరు దగ్గరికెళ్తే ముందు ఈ తేడా చెప్పండి, సరైన కండరమే బిగిస్తున్నానా అని కూడా చెక్ చేయమని అడగండి.